చెప్పుకుంటే మనసు ఎందుకు తేలికవుతుంది?

నాచారంలో మేముండే అపార్ట్‌మెంట్ గేటు పక్కన ఒక షాబాద్ బండ ఉంది. వాచ్‌మన్ కూర్చోవడానికి వేశారు. సాయంత్రం ఆరు దాటితే మాత్రం అది ఇద్దరు పెద్దావిడలది. ఒకరు మూడో అంతస్తులో ఉంటారు, ఇంకొకరిది పక్క సందు. "ఏం కూర వదినె?" అని ఎవరో ఒకరు అడగ్గానే ముచ్చట మొదలవుతుంది. దోమలు ముసిరేదాకానో, పైనుంచి అన్నానికి పిలుపు వచ్చేదాకానో సాగుతుంది.

మూడో అంతస్తు ఆవిడ మనవరాలు తొమ్మిదో తరగతి చదువుతోంది. ఓ రోజు లిఫ్ట్ దగ్గర నన్ను ఆపి అడిగింది. "అంకుల్, మా అమ్మమ్మకు మోకాళ్ల నొప్పులు. మా మామ జాబ్ పోయి మూడు నెలలాయె. రోజూ ఆమెతోని గదే ముచ్చట పెడ్తది. ముచ్చట పెడితే నొప్పి పోదు కదా, జాబ్ రాదు కదా. మరి లోపలికొచ్చేటప్పుడు అమ్మమ్మ మొఖం వేరేగ ఎందుకుంటది?"

ఆ పాప చూసిన రెండు సంగతులూ నిజమే. కష్టం అట్లాగే ఉంది. ముఖం మాత్రం మారింది. మరి మధ్యలో మారినది ఏమిటి? లిఫ్ట్ దగ్గర నిలబడి చెప్పగలిగిన జవాబు కాదు కాబట్టి ఇక్కడ నెమ్మదిగా రాస్తున్నాను.

ముందు మన భాషనే అడిగి చూద్దాం. వార్త చెబుతాం, దారి చెబుతాం, పాఠం చెబుతాం. కష్టాన్ని మాత్రం 'చెప్పుకుంటాం'. వండుకోవడం, కుట్టుకోవడం, దులుపుకోవడం అన్నప్పుడు ఆ పని వల్ల కలిగే మేలు చేసినవారికే దక్కుతుందని అర్థం. చెప్పుకోవడం కూడా ఆ వరసలోని మాటే. దారి చెప్తే విన్నవాడికి ఉపయోగం. కష్టం చెప్పుకుంటే చెప్పినవాడికి ఉపయోగం. ఆ ఉపయోగం ఏమిటో తెలియాలంటే, చెప్పుకోనప్పుడు లోపల ఏం జరుగుతుందో చూడాలి.

చెప్పుకోకపోతే లోపల ఏం జరుగుతుంది?

రాత్రి పూట సందులోంచి నడిచి వస్తుంటే ఒక కుక్క మీదికి ఉరికిందనుకోండి. గుండె దడదడలాడుతుంది, అరచేతులు చెమటలు పడతాయి, కాళ్లలోకి ఎక్కడలేని బలం వస్తుంది. మెదడు ప్రమాదం అనగానే మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ అనే రసాయనాలను రక్తంలోకి వదులుతాయి. పారిపోవడానికో ఎదురు నిలవడానికో ఒంటిని సిద్ధం చేస్తాయి. కుక్క వెళ్లిపోతుంది, మనం ఇల్లు చేరతాం. ఓ గ్లాసు నీళ్లు తాగి పావుగంట కూర్చుంటే ఒళ్లు మళ్లీ మామూలవుతుంది. ఈ ఏర్పాటు మంచిదే. ప్రాణం కాపాడేదే.

ఇప్పుడు కుక్కకు బదులు ఇంటి లోను వాయిదా పెట్టి చూడండి. లేదా మామ ఉద్యోగం, లేదా డాక్టర్ రాసిన స్కానింగ్. మెదడు దాన్నీ ప్రమాదంగానే లెక్కేసి అవే రసాయనాలు వదిలిస్తుంది. కానీ వాయిదా కుక్కలా తోక ముడిచి పోదు. పడుకున్నా పక్కనే ఉంటుంది, లేచినా వెంటే వస్తుంది. ఒంట్లో మోగిన గంట ఆగకుండా సన్నగా మోగుతూనే ఉంటుంది. నిద్ర పట్టదు, ఆకలి తప్పుతుంది, చిన్నదానికే పిల్లల మీద అరుస్తాం. తెలంగాణలో దీనికి మంచి మాటలున్నాయి. పైకి తెలిసే ఆందోళన రంది. అది లోపల ఇల్లు కట్టుకుని కూర్చుంటే మనాది. 'మనాది పెట్టుకున్నడు' అంటారు. రంది మనాదిగా ముదరడానికి ఒక కారణం, అది బయటికి వచ్చే దారి లేకపోవడం.

ఒకే ఆలోచన ఎందుకు తిరుగుతూ ఉంటుంది?

రాత్రి రెండింటికి మెలకువ వచ్చినప్పుడు గమనించండి. ఒకటే సంగతి గానుగెద్దులా తిరుగుతుంది. వంద చుట్లు తిరిగినా ఒక్క అడుగు ముందుకు పోదు.

ఏ క్షణంలోనైనా మన మనసు చేతిలో పట్టుకోగలిగే సంగతులు చాలా తక్కువ. నాలుగైదుకు మించవని మనస్తత్వ శాస్త్రవేత్తల అంచనా. దుకాణానికి వెళ్లేటప్పుడు చింతపండు, పసుపు, సబ్బు, అగ్గిపెట్టె అని నాలుగు గుర్తుపెట్టుకుంటే ఐదోది జారిపోతుంది. జారిపోతుందేమోనని నాలుగింటినీ దారి పొడవునా లోలోపల అనుకుంటూ నడుస్తాం. చీటీ మీద రాసేస్తే ఇక అనుకోవక్కర్లేదు. బెంగ కూడా అంతే. దాన్ని ఎక్కడా దించలేదు కాబట్టి, మరచిపోతే ఏమవుతుందోనన్న భయంతో మనసు అదే పనిగా జపిస్తుంది.

పైగా లోపల ఉన్నంతసేపు బెంగకు ఒక రూపం ఉండదు. ఫీజు, అవమానం, తండ్రి ఆరోగ్యం, నిన్న ఎవరో అన్న మాట, అన్నీ ఒకదాంట్లో ఒకటి చిక్కుపడి ఉంటాయి. నోటితో చెప్పాలంటే మాత్రం అన్నీ ఒకేసారి చెప్పలేం. ఒక మాట తర్వాతే ఇంకో మాట రావాలి. మాట్లాడటమంటే చిక్కు పడిన దారాన్ని ఒక కొస పట్టుకుని లాగడం.

ఇది నేను దగ్గరగా చూశాను. నాచారం పారిశ్రామికవాడలో ఉదయం షిఫ్టు వదిలే వేళకు చాయ్ బండ్ల దగ్గర జనం గుమిగూడతారు. ఒకరోజు నా పక్కన ఇద్దరు నిలబడ్డారు. పెద్దాయన చేతిలో గ్లాసు మీగడ కట్టింది.

"అన్నా, చాయ్ సల్లారిపోతుంది."

"ఏం లేదు తమ్మీ. అంతా ఆగమాగం ఉంది."

"అంతా అంటే?"

కాసేపు జవాబు లేదు. తమ్ముడు తొందరపెట్టలేదు. రోడ్డు వైపు చూస్తూ తన చాయ్ తను తాగుతున్నాడు.

"పాప ఫీజు. సగమన్న కట్టమన్నరు."

"ఎప్పటిలోపు?"

"పదో తారీఖు."

"ఎంత తక్కువ పడ్తుంది?"

పెద్దాయన వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. "ఆరు వేలు."

ఆ తర్వాత ఆరు వేలు ఎక్కడినుంచి తేవాలో మాట్లాడుకున్నారు. దొరికిందో లేదో నాకు తెలియదు. కానీ 'అంతా ఆగమాగం' అన్నది మూడు ప్రశ్నల్లో 'పదో తారీఖులోపు ఆరు వేలు' అయింది. మొదటిదాన్ని ఎవరూ ఏమీ చేయలేరు. రెండోదాంతో ఏదో ఒకటి చేయొచ్చు. పెద్దాయన మీగడ తీసేసి ఆ చల్లారిన చాయే తాగేశాడు.

పేరు పెడితే ఏమవుతుంది?

మెదడు లోపల బాదం గింజ ఆకారంలో అమిగ్డలా అనే చిన్న భాగం ఉంది. ప్రమాదాన్ని పసిగట్టి గంట కొట్టడంలో దానిది పెద్ద పాత్ర. అమెరికాలో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో ఒక ప్రయోగం ఫలితాలను ప్రచురించింది. కోపంతో, భయంతో ఉన్న ముఖాల ఫొటోలను చూపించి, చూసేవారి మెదడును స్కానింగ్ చేశారు. ఊరికే చూసినప్పటికంటే 'ఇది కోపం', 'ఇది భయం' అని ఆ భావానికి సరిపడే మాటను ఎంచుకున్నప్పుడు అమిగ్డలా హడావుడి తగ్గింది. నుదుటి వెనక, ఆలోచించి అదుపు చేసే భాగం చురుకైంది.

మన అనుభవం కూడా ఇదే చెబుతుంది. 'ఏదోలా ఉంది' అన్నంతసేపు ఏమీ తోచదు. అది దిగులా, బెంగా, చిన్నబుచ్చుకోవడమా, ఈర్ష్యా, అలసటా అని తేల్చుకోగానే కొంత నెమ్మది వస్తుంది. ఆ అమ్మమ్మగారు 'మోకాళ్లు నొస్తున్నయ్' అని మొదలుపెట్టి, కాసేపటికి 'కొడుకు మొఖం చూస్తే భయమైతుంది వదినె' అనడం నేను విన్నాను. అసలు నొప్పి పేరు అప్పుడు బయటపడింది.

మరి గోడకు చెప్పుకుంటే చాలదా?

పాప ఈ ప్రశ్న అడగలేదు గానీ, అడిగి ఉండాల్సింది. దారం విప్పడమే పని అయితే డైరీ రాసుకుంటే సరిపోతుంది కదా?

రాసుకోవడం మంచిదే. మనసులోని బాధను వరసగా కొన్ని రోజులు కాగితం మీద పెడితే మేలు కలుగుతుందని జేమ్స్ పెన్‌బేకర్ అనే మనస్తత్వవేత్త 1980లలోనే ప్రయోగాలు మొదలుపెట్టి చూపించారు. ఎవరికీ చెప్పలేని సంగతులున్నవారికి అదొక ఆసరా. కానీ కాగితానికి గొంతు లేదు, చెయ్యి లేదు.

చెయ్యి సంగతి చూడండి. జేమ్స్ కోన్ బృందం 2006లో ప్రచురించిన ప్రయోగంలో 16 మంది వివాహిత స్త్రీలను స్కానర్‌లో పడుకోబెట్టి, కాలికి చిన్న కరెంటు షాక్ తగలవచ్చని హెచ్చరించారు. ఒక్కతే ఉన్నప్పుడు మెదడులో ప్రమాద సంకేతాలు ఎక్కువగా మెరిశాయి. ముక్కూ ముఖం తెలియని మనిషి చెయ్యి పట్టుకుంటే కొంత తగ్గాయి. భర్త చెయ్యి పట్టుకుంటే ఇంకా తగ్గాయి. దాంపత్యం ఎంత బాగుంటే నెమ్మది అంత ఎక్కువ. షాక్ భయం అందరికీ ఒకటే. తేడా అంతా చెయ్యి ఎవరిదన్న దాంట్లో ఉంది.

గొంతు సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. లెస్లీ సెల్ట్‌జర్ అనే పరిశోధకురాలు ఏడేళ్ల నుంచి పన్నెండేళ్ల లోపు ఆడపిల్లలకు కొత్తవాళ్ల ముందు మాట్లాడే పని, లెక్కలు చేసే పని ఇచ్చి కాస్త కంగారుపెట్టారు. తర్వాత కొందరిని అమ్మ దగ్గర కూర్చోబెట్టారు, కొందరిని అమ్మతో ఫోన్లో మాట్లాడించారు. ఈ రెండు గుంపుల పిల్లల్లోనూ కార్టిసాల్ తగ్గింది. దగ్గరితనంతో ముడిపడిన ఆక్సిటోసిన్ అనే రసాయనం పెరిగింది. 2012లో ప్రచురించిన తర్వాతి పరిశోధనలో కొందరు పిల్లలు అమ్మతో మాట్లాడకుండా మెసేజీలు మాత్రమే పంపుకున్నారు. వారికి ఆ మేలు కనబడలేదు. అమ్మతో అసలు కలపకుండా వదిలేసిన పిల్లల్లాగే ఉన్నారు. చిన్న ప్రయోగమే, అయినా మనం రోజూ చూసే విషయాన్నే చెబుతోంది. పరాయి రాష్ట్రం నుంచి వచ్చి మల్లాపూర్, నాచారం షెడ్లలో పనిచేసే కుర్రాళ్లు రాత్రి గది బయట మెట్ల మీద కూర్చుని ఇంటికి ఫోన్ చేస్తారు. 'తిన్నావా' అన్న మూడు అక్షరాల మెసేజీ చాలక, ఆ గొంతు కోసమే చేస్తారు.

నమ్మకం ఎందుకు కావాలి?

మన పెద్దలు ఒక చిక్కును సామెతలో పెట్టారు. చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది. చెప్పుకోవాలనుకునే ప్రతి ఒక్కరూ ఈ రెంటి మధ్యే నలుగుతారు. ఒకే గోడను పంచుకునే రెండు కుటుంబాలు ఉన్న మన వాడల్లో మాట అవతలికి పోతుందన్న భయం ఉత్తి భయం కాదు.

కాబట్టి ఎవరికి చెప్పుకోవాలన్నది సగం వైద్యం. మన మాట ఆ మనిషి దగ్గర ఆగుతుందా? ఇది ముందే తెలుసుకోవచ్చు. పెద్ద గుట్టుతో మొదలుపెట్టవద్దు. చిన్న సంగతి ఒకటి చెప్పి చూడండి. నెల తిరిగినా అది ఇంకో నోటి నుంచి మనకు తిరిగి రాకపోతే, దాన్ని అడ్డుపెట్టి ఎప్పుడూ మనల్ని దెప్పకపోతే, ఆ మనిషి దగ్గర ఇంకాస్త దించవచ్చు. అక్క కావచ్చు, పాత క్లాస్‌మేట్ కావచ్చు, పనిలో తోటివాడు కావచ్చు, చిన్నప్పుడు చదువు చెప్పిన టీచర్ కావచ్చు. చుట్టమే కానక్కర్లేదు.

రోజూ, వారం వారం ఎందుకు? కష్టం వచ్చినప్పుడు చాలదా?

నా దృష్టిలో అసలు జవాబు ఇక్కడే ఉంది.

ఉప్పల్ రింగ్ రోడ్డు దాటడం ఒకప్పుడు ఎలా ఉండేదో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. వరంగల్ బస్సులు, లారీలు, నలుదిక్కుల నుంచి వచ్చే బళ్లు. చంటిపిల్లతో ఉన్న తల్లి రోడ్డు అంచున పది నిమిషాలు నిలబడేది. 2023 జూన్‌లో ఆకాశ వంతెన తెరిచారు. ఇప్పుడు మెట్రో దిగి పైనుంచే అవతలికి నడిచిపోతాం. ఆ వంతెన వర్షం లేని రోజు, రద్దీ లేని రోజు కూడా అక్కడే ఉంటుంది. అందుకే జోరువానలో రాత్రి పదింటికి కూడా పనికొస్తుంది. అవసరం వచ్చిన క్షణాన వంతెన కట్టలేం.

మనిషికీ మనిషికీ మధ్య దారి కూడా అంతే. దిగులు ముదిరినప్పుడు అది మొదట లాక్కునేది మాట్లాడాలన్న ఓపికనే. 'వాళ్లకెందుకు ఇబ్బంది', 'నా గోల ఎవరికి కావాలి' అనిపిస్తుంది. ఆరు నెలలుగా పలకరించని స్నేహితుడికి ఆ స్థితిలో ఫోన్ చేయాలంటే వేలు ముందుకు పోదు. అదే ప్రతి ఆదివారం పొద్దున మాట్లాడుకునే అలవాటుంటే కొత్తగా ధైర్యం కూడగట్టుకునే పని లేదు. ఆదివారం వస్తుంది, ఫోన్ మోగుతుంది.

రెండో లాభం, తరచూ మాట్లాడే మనిషికి మన మామూలు గొంతు తెలుసు. కాబట్టి తేడా ఆ మనిషికే ముందు తెలుస్తుంది. మా గేటు దగ్గర ఒక సాయంత్రం, 'ఏం కూర వదినె' అంటే అమ్మమ్మగారు 'వండలే' అన్నారు. అవతలి ఆవిడ ఇంకేమీ అడగకుండా లేచి, పక్కకు జరిగి, మరింత దగ్గరగా కూర్చున్నారు. రోజూ కూర సంగతి అడిగే మనిషికే 'వండలే' అన్న మాటలోని బరువు అందుతుంది. పైకి పనికిమాలిన కబుర్లలా కనిపించే ఆ కూర ముచ్చటే వంతెన.

మూడోది, వారం వారం దించుకునేది చిన్న మూట. ఏడాదికొకసారి దించాలంటే గుట్ట.

ఎలా మొదలుపెట్టాలి?

సమయం కుదుర్చుకోండి. షిఫ్టుల్లో పనిచేసేవారు గడియారం ప్రకారం కాకుండా 'డ్యూటీ దిగిన పావుగంటకు' అని పెట్టుకుంటే తప్పిపోదు. ఉప్పల్‌లో రాత్రి షిఫ్టు చేసి తెల్లవారుజామున క్యాబ్‌లో ఇల్లు చేరే పిల్లలకు, ఇంటిల్లిపాదీ లేచేసరికి నిద్ర ముంచుకొస్తుంది. వారు సెలవు రోజు సాయంత్రం ఒకటి ఇంట్లోవాళ్లకోసం అట్టిపెట్టుకోవాలి.

చోటు చూసుకోండి. రెండు గదుల ఇంట్లో చెప్పుకోలేనివి మేడ మీద చెప్పుకోవచ్చు, నడుస్తూ చెప్పుకోవచ్చు. ఎదురెదురుగా కూర్చుని కళ్లలోకి చూస్తూ చెప్పడం చాలామందికి, ముఖ్యంగా మగవాళ్లకు కష్టం. పక్కపక్కన నడుస్తుంటేనో, చాయ్ తాగుతూ రోడ్డు చూస్తుంటేనో మాట సులువుగా వస్తుంది. 'మగపిల్లాడివి, ఏడుస్తావా' అని చిన్నప్పటి నుంచి విన్నవారికి ఆ పక్కచూపు ఒక చాటు.

వినేవారి పని ఇంకా పెద్దది. సలహా వెంటనే ఇవ్వకండి. 'నీకంటే కష్టాల్లో ఉన్నోళ్లు లేరా', 'ఇదొక లెక్కనా', 'నేను ముందే చెప్పిన కదా' అనే మూడు మాటలు తలుపు మూసేస్తాయి. 'తర్వాత?', 'అప్పుడు నీకెట్ల అనిపించింది?', 'నేనేమన్న చేయాల్నా, ఊకె వినాల్నా?' అనేవి తెరుస్తాయి. చాయ్ బండి దగ్గర ఆ తమ్ముడు అడిగినవన్నీ కలిపితే పది మాటలు లేవు. మధ్యలో ఊరుకున్నాడు చూశారా, సగం సాయం ఆ ఊరుకోవడమే.

చెప్పుకోవడం వల్ల చెడు కూడా జరుగుతుందా?

జరుగుతుంది. అది కూడా తెలిసి ఉండాలి. ఇద్దరు కలిసి ఒకే గాయాన్ని రోజూ గీరుకుంటూ కూర్చుంటే అది మానదు. అమాండా రోజ్ అనే పరిశోధకురాలు బడి పిల్లల స్నేహాల్లో దీన్ని గమనించి 2002లో రాశారు. సమస్యల గురించి తిప్పి తిప్పి అదే మాట్లాడుకునే స్నేహితుల మధ్య దగ్గరితనం పెరుగుతుంది, కానీ దిగులూ ఆందోళనా కూడా ఎక్కువగానే ఉంటాయి. గానుగెద్దు ఒకటి ఉన్నచోట రెండయ్యాయన్నమాట.

తేడా తెలుసుకోవడానికి ఒక గుర్తు ఉంది. లేచేటప్పుడు కూర్చున్నప్పటికంటే తేలికగా ఉన్నామా, బరువుగా ఉన్నామా? నాలుగు రోజులు వరసగా బరువుగానే లేస్తుంటే ముచ్చట తీరు మార్చాలి. చెప్పుకోవడం అయ్యాక, 'రేపు ఇందులో ఏ ఒక్కటి చేద్దాం?' అని అడగండి. ఆ తర్వాత ఇంకేదైనా మాట్లాడండి, సినిమానో, స్టేడియంలో మ్యాచో, కూరో. వినేవారికీ ఒక ప్రాణం ఉందని, వారి వంతూ రావాలని మరవకండి.

ఇంత చిన్న విషయానికి రుజువు ఉందా?

ఉంది. ఆఫ్రికాలోని జింబాబ్వే దేశంలో కోటికి పైగా జనం ఉంటే, మానసిక వైద్యులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంతమందే. వారిలో డిక్సన్ చిబాండా ఒకరు. ఆయన దగ్గర చికిత్స పొందిన ఒక యువతి, ఆసుపత్రికి రావడానికి బస్సు ఖర్చు లేక రాలేకపోయి ప్రాణం తీసుకుంది. మనుషులు ఆసుపత్రికి రాలేకపోతే సాయమే వారి వీధికి వెళ్లాలని ఆయన నిశ్చయించుకున్నారు. 2006లో రాజధాని హరారేలోని ఎంబారే అనే పేదల పేటలో 14 మంది నాయనమ్మలు, అమ్మమ్మలకు వినడం, సమస్యను ముక్కలు చేసి ఒక్కోటి పరిష్కరించుకునేలా తోడుండటం నేర్పారు. ఆరోగ్య కేంద్రం ఆవరణలో చెట్టు కింద చెక్క బల్ల వేశారు. మొదట మానసిక ఆరోగ్యపు బల్ల అని పేరు పెడితే ఎవరూ కూర్చోలేదు. స్నేహపు బల్ల అని మార్చమన్నది ఆ అమ్మమ్మలే. అక్కడి షోనా భాషలో ఈ బాధకు 'కుఫుంగిసిస' అంటారు. అతిగా ఆలోచించడం అని అర్థం. మన 'మనాది'కి దగ్గరి చుట్టం. 573 మందితో చేసిన పరిశోధన 2016లో అచ్చయింది. మామూలు చికిత్స పొందినవారికంటే బల్ల మీద కూర్చుని మాట్లాడినవారిలో ఆరు నెలలకు బాధ లక్షణాలు బాగా తగ్గాయి.

మన దగ్గర కూడా, పశ్చిమ గోదావరి జిల్లా పల్లెల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ నడిపిన స్మార్ట్ మెంటల్ హెల్త్ కార్యక్రమంలో ఆశా కార్యకర్తలకు శిక్షణ ఇచ్చారు. వారు ఇంటింటికీ వెళ్లి, దిగులుతో ఉన్నవారిని గుర్తించి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టర్ దాకా తీసుకెళ్లారు. బాలింతను పలకరించే మనిషే మనసును కూడా పలకరించింది.

మాటలతో ఆగనిది ఎప్పుడు?

జ్వరానికి తడిగుడ్డ వేస్తాం, మూడు రోజులకు తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్తాం. ఇక్కడా అంతే. రెండు వారాలకు పైగా రోజంతా దిగులు, నిద్రా తిండీ తప్పడం, ఇష్టమైన పని మీద కూడా మనసు పోకపోవడం, ఎవరికీ కనబడని మనుషులు కనబడటం, ఎవరికీ వినబడని మాటలు వినబడటం, చనిపోవాలన్న ఆలోచన, ఇందులో ఏది ఉన్నా స్నేహితుడి చెవి ఒక్కటే చాలదు. అప్పుడు స్నేహితుడి పని తోడు వెళ్లడం. 'చచ్చిపోవాలనిపిస్తుందా?' అని నెమ్మదిగా సూటిగా అడగవచ్చు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఒంటరిగా వదలకండి. 'ఎవరికీ చెప్పనని' ఇచ్చిన మాట ఆ ఒక్క సందర్భంలో పక్కన పెట్టాలి.

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు, టెలీ మానస్ అనే ఫోన్ సేవను మొదలుపెట్టింది. నంబరు 14416. ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. ఉప్పల్ స్టేషన్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మియాపూర్ వైపు రైలు మారితే ఎర్రగడ్డ స్టేషన్‌లో దిగవచ్చు. 'నిన్ను ఎర్రగడ్డకు తోలాలె' అని మన ఊళ్లో నవ్వులాటకు అంటారు. ఆ మాట ఎంతమంది కాళ్లకు అడ్డం పడిందో ఆలోచిస్తే ఇక అనబుద్ధి కాదు. 2015–16లో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, పెద్దవారిలో పదిమందిలో సుమారు ఒకరికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉంది. వారిలో చాలామందికి చికిత్స అందడం లేదు. మోకాలి నొప్పికి నాచారం ఈఎస్ఐ ఆసుపత్రిలో క్యూలో నిలబడటానికి సిగ్గుపడం. మనసు నొప్పికి సిగ్గెందుకు?

ఇక పాపకు జవాబు

అమ్మమ్మ మోకాళ్లు మారలేదు, మామ ఉద్యోగం ఇంకా రాలేదు. కానీ లోపల మోగే గంట కాసేపు ఆగింది. చిక్కుపడిన దారం కొంత వరసలోకి వచ్చింది. భయానికి ఒక పేరు దొరికింది. పక్కన తెలిసిన గొంతు ఉందని ఒళ్లు నమ్మింది. రేపు ఆరింటికి మళ్లీ ఆ గొంతు ఉంటుందన్న ధీమా కూడా మెట్లెక్కి ఇంట్లోకి వచ్చింది. నువ్వు చూసిన ముఖం అదీ, తల్లీ.

ఇది రాస్తున్న రోజుల్లోనే పక్క సందు ఆవిడ పది రోజులకని కొడుకు దగ్గరికి ఊరెళ్లారు. మొదటి రెండు సాయంత్రాలూ అమ్మమ్మగారు బండ మీద ఒక్కరే కూర్చుని, చీకటి పడకుండానే లేచి వెళ్లిపోయారు. మూడో రోజు నేను కూరగాయల సంచీతో వస్తుంటే, ఆ ఖాళీ చోట్లో స్కూలు యూనిఫాం కూడా మార్చుకోకుండా మనవరాలు కూర్చుని ఉంది. ఏం మాట్లాడాలో తెలియక కాసేపు చెప్పుల వైపు చూసింది. తర్వాత అడిగింది.

"ఏం కూర వండినవ్ అమ్మమ్మా?"

నేను సంచీ పట్టుకుని లిఫ్ట్ కోసం ఆగకుండా మెట్ల మీదుగా పైకి వెళ్లిపోయాను. వాళ్లు దోమలు ముసిరాక కూడా లోపలికి రాలేదు.